హయాటల్ హెర్నియా - కీహోల్ సర్జరీ

ఛాతీని, పొట్టను వేరుచేసే కండర పొర డయాఫ్రం. అన్నవాహిక కిందికి దిగేందుకు ఇందులో ఉండే రంధ్రమే హయాటస్. అది వదులై జీర్ణాశయం పైభాగం ఛాతీలోకి జారితే హయాటల్ హెర్నియా. ఎక్కువ కేసులు ‘స్లైడింగ్’ రకమే. చాలామందికి మందులతో సరిపోతుంది.

సర్జరీ తప్పనిసరైతే పొట్టపై చిన్న గాట్లు పెట్టి, లోపల కార్బన్ డయాక్సైడ్ నింపి, కెమెరా సాయంతో జీర్ణాశయాన్ని కిందికి లాగి రంధ్రాన్ని కుట్లతో బిగిస్తారు. జీర్ణాశయం పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ 360 డిగ్రీలు చుడితే నిస్సెన్ ఫండోప్లికేషన్. వెనుక నుంచి 270 డిగ్రీలైతే టూపే. రుడాల్ఫ్ నిస్సెన్ తన పద్ధతిని 1956లో ప్రచురించారు. కీహోల్ రూపాన్ని 1991లో ప్రకటించింది బెల్జియం సర్జన్ బెర్నార్డ్ డాల్మాన్ బృందం.

గాటు పొట్ట మీదుంటే సర్జరీ తర్వాత భుజం ఎందుకు నొప్పి పెడుతుంది? మిగిలిన వాయువు డయాఫ్రంను రేపితే ఫ్రెనిక్ నాడి ద్వారా ఆ బాధ భుజంలో తెలుస్తుంది. కొద్ది రోజుల్లో తగ్గుతుంది. ఆహారంగా మొదట ద్రవాలు, తర్వాత కొన్ని వారాలు జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం లాంటివి. సోడా, కూల్‌డ్రింకులు వద్దు. త్రేన్పు సరిగా రాక పొట్ట ఉబ్బుతుంది. బరువులెత్తకూడదు. మింగడం కొన్నాళ్లు కష్టం కావడం మామూలే. నీళ్లు కూడా దిగకపోతే మాత్రం వెంటనే సర్జన్‌ను కలవాలి.