మిల్లు సూపర్‌వైజర్ పేరు రాయి

చిరంజీవి మేనకోడలికి, చందూర్ నుంచి మామ దీవించి రాసేది.

నువ్వు పంపిన ఉద్యోగం ఫారం ఫొటో చూసిన. రెఫరెన్సులు మూడు అడిగితే మొదటి గీత మీద లీడర్ పేరు, రెండో గీత మీద నా పేరు రాసినవు. రెండూ కొట్టెయ్. లీడర్ లెటర్‌ప్యాడ్ మీద ఉత్తరం తెస్తనని మీ నాయిన తిరుగుతున్నడట. బిస్కెట్ కంపెనీ హెచ్ఆర్ ఆమె ఫోన్ చేసి, ఈ పిల్ల ల్యాబ్‌ల ఎట్ల పనిచేస్తదని అడిగితే లీడర్ ఏం చెప్తడు? మంచి పిల్ల, మా దిక్కు పిల్ల అంటడు. ఇగ నేనంటవా, మేనమామను. నీ గురించి చెడుగ చెప్తనా? ఆ సంగతి వాళ్లకు తెల్వదా!

నీ పని కండ్లార చూసినోళ్లు ఎవరో ఆలోచించు. రుద్రూర్ ఫుడ్ టెక్నాలజీ కాలేజీల నీతోటి ప్రాజెక్టు చేయించిన మేడం ఒకరు. ఇంటర్న్‌షిప్ చేసిన రైస్‌మిల్లు సూపర్‌వైజర్ ఇంకొకరు. ఆయనకు ఇంగ్లిష్ రాదని నువ్వు జంకుతున్నవు, నాకు తెలుసు. కానీ యాసంగి వడ్లు దిగుతున్నప్పుడు తేమ మీటరు తప్పు చూపిస్తుందని పట్టుకున్నది నువ్వేనని నాకు చెప్పింది ఆయనే. తేమ 17 శాతం దాటితే కొనుగోలు సెంటర్‌లనే వడ్లు ఆపుతరు. అక్కడ పాసైన లోడు మిల్లుకొచ్చినంక ఎక్కువ చూపిస్తే ఎంత లొల్లో నువ్వే చూసినవు. ఒకటే బస్తాల నుంచి మళ్ల మళ్ల గింజలు తీసి కొలిచి, ప్రతిసారి వేరే అంకె వస్తుందని ఆయనకు చూపించినవట. బ్యాటరీ మార్చినంక సరిగ్గ వచ్చిందట. క్వాలిటీ ల్యాబ్ ఉద్యోగానికి ఇంతకన్న ఏం సాక్ష్యం కావాలె? భాష సంగతంటవా, ఆయన పేరు పక్కన 'తెలుగు, హిందీ మాట్లాడుతారు' అని రాయి, అయిపోతది.

అడగకుండ మాత్రం ఎవరి నంబరూ ఇయ్యకు. ముందు ఫోన్ చెయ్యి, ఒప్పుకున్నంక మెసేజ్ పెట్టు. ఇట్ల రాస్తే సాలు: "సార్, నమస్తే. ఫలానా కంపెనీల క్వాలిటీ ల్యాబ్ ఉద్యోగానికి మీ నంబరు ఇచ్చిన. వచ్చే వారం ఫోన్ రావచ్చు. నేను మీ దగ్గర ఏప్రిల్, మే నెలల్ల చేసిన. తేమ, నూకల శాతం చూసి రిజిస్టర్ రాసేదాన్ని. తేమ మీటరు ముచ్చట మీకు యాదికుంటే అది చెప్పండి." పొగడమని అడగకు, యాది చెయ్యి అంతే. ఏడాదికి ఎంతమంది పిల్లలు వచ్చి పోతరో, ఆయనకు అన్నీ గుర్తుంటయా? మేడంకు గూడ నీ రెజ్యూమె, ఉద్యోగం ప్రకటన రెండూ పంపు. ఎవరన్న 'చూద్దాం తియ్' అని నసిగితే ఇంకొకరిని చూసుకో. మొహమాటానికి ఒప్పుకున్నోళ్లు రెండు ముక్కలు మాట్లాడి ఫోన్ పెట్టేస్తరు. మూడో గీతకు ఎవరూ దొరకకపోతే హెచ్ఆర్‌నే అడుగు, ఫ్రెషర్‌కు ఇద్దరు సాలంటరేమో.

ఇంకొకటి. మనుషుల సొంత నంబర్లు దాచుకో, ఆఫీసు నంబరు నమ్ముకోకు. ఇది బోధన్ దిక్కు పుట్టినోళ్లకు చెప్పాల్సిన పని లేదు. శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 1937ల నిజాం పెట్టించింది. 2002ల ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబర్‌ల లేఆఫ్ పెట్టి మూసేసిన్రు, అదే కంపెనీ ముత్యంపేట, మంబోజిపల్లి యూనిట్లు గూడ అప్పుడే. కెమిస్టులు, రసం ఉడికించే పాన్‌మెన్లు, ఫిట్టర్లు రోడ్డున పడ్డరు. మూతపడ్డ ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తే ఎత్తేదెవరు? రసం ఎంత ఉడికినంక పాన్ దించాల్నో చూపుతోటే చెప్పేటోని పనితనం ఏ సర్టిఫికెట్ల ఉండదు, పక్కన నిలబడి చూసిన షిఫ్ట్ కెమిస్టు నోట్లనే ఉంటది. ఆ కెమిస్టు ఇప్పుడు ఏ ఊళ్లె ఉన్నడో తెలిసినోనికే అది అక్కరకొస్తది.

పనిచేసిన తేదీల గురించి మాత్రం ఫికర్ లేదు. ఉద్యోగంల చేరినంక పీఎఫ్ కడితే, యూఏఎన్ నంబరు కింద సర్వీస్ హిస్టరీల ఎప్పుడు చేరినవో, ఎప్పుడు మానినవో ఉంటది, కంపెనీ మూతపడ్డా అది పోదు. జర్మనీల అయితే పని మానినోళ్లకు రాతపూర్వకంగ సర్టిఫికెట్ ఇయ్యాలని చట్టమే ఉన్నది. మన దగ్గర వెంటపడి అడిగితేగాని చేతికి రాదు. మిల్లు సర్టిఫికెట్ ఇంకా తీసుకోలేదు గద, ఈ వారమే పోయి తెచ్చుకో. తేదీలు, చేసిన పని రెండూ రాయించు.

సూపర్‌వైజర్ సార్‌కు పొద్దుగాల ఫోన్ చెయ్యకు, లారీలు దిగే టైం. పగటి అన్నం తిన్నంక చెయ్యి. హెచ్ఆర్ నంబరు దొరికితే ఆయనకు ముందే పంపు. లోన్ ఇస్తమనే ఫోన్లతోటి యాష్టపడి ఆయన తెల్వని నంబర్లు ఎత్తుడే బంద్ చేసిండు. ఉద్యోగం వచ్చినా రాకున్నా ఇద్దరికీ సంగతి చెప్పు. మీ నాయినను ఆదివారం ఇటు రమ్మను, ఆ లెటర్‌ప్యాడ్ ముచ్చట నేను మాట్లాడుత.

ఇట్లు,
మీ మామ