తోకకప్ప తిండి మానేస్తే కంగారుపడకండి



వానలు పడగానే కర్నూలు, కడప చుట్టుపక్కల గుంటల్లో, కేసీ కెనాల్ పిల్లకాలువల్లో తోకకప్పలు కనిపిస్తాయి. పిల్లలు సీసాలో పట్టి ఇంటికి తెస్తారు. కొన్నాళ్లు బాగా తింటాయి. ముందుకాళ్లు వచ్చే సమయానికి తిండి మానేస్తాయి. "అది చచ్చిపోయేట్టుంది, పారబోసెయ్" అంటాం మనం. నిజానికి అప్పుడే అసలు పాఠం మొదలవుతుంది. దాని పేగు మళ్లీ కొత్తగా తయారవుతోంది.

చాలా రకాల తోకకప్పలు పాచి తింటాయి. అది అరగడానికి పొడవాటి పేగు కావాలి. పొట్ట చర్మంలోంచి ఆ చుట్టలు పిల్లలకు కనిపిస్తాయి కూడా. పెద్ద కప్ప తినేది పురుగుల్ని. దానికి పొట్టి పేగు చాలు. పరిశోధనల్లో ఎక్కువగా వాడే జెనోపస్ అనే ఆఫ్రికా కప్పలో పేగు పొడవు సుమారు నాలుగో వంతుకు తగ్గిపోతుంది.

ఈ మార్పుకు మూలం థైరాయిడ్ హార్మోన్. తోకకప్పలకు థైరాయిడ్ గ్రంథిని మేతగా పెడితే అవి తొందరగా కప్పలవుతాయని 1912లోనే గుడెర్నాచ్ అనే శాస్త్రవేత్త చూపించారు. ఈ హార్మోన్ కణంలోకి చేరి, అప్పటిదాకా ఆగి ఉన్న కొన్ని జన్యువుల్ని పని చేయిస్తుంది. అప్పుడు పేగు లోపలి పొరలో పాత కణాలు చాలావరకు చనిపోతాయి. కొన్ని మాత్రం మూలకణాలుగా మారి, పెరిగి, మడతలున్న కొత్త పొరను తయారుచేస్తాయి. ఈ పని జరిగేటప్పుడు అది తిండి జోలికి పోదు.

అదే హార్మోన్ వల్ల తోక కరిగిపోతుంది, కాళ్లు పెరుగుతాయి. అన్ని కణాల్లో ఉన్న జన్యువులు ఒకటే. ఎక్కడ, ఎప్పుడు, ఏ జన్యువు పనిచేస్తుందన్నదే తేడా.

మన ఒంట్లోనూ ఉన్నది ఇదే హార్మోన్. దాని తయారీకి అయోడిన్ కావాలి. పిల్లల మెదడు, శరీరం ఎదగడానికి ఇది అవసరం. అందుకే వంటలో అయోడిన్ ఉప్పే వాడండి.

ఇంట్లో తోకకప్ప ఉంటే ఇలా చేయండి:

• కుళాయి నీళ్లు కాకుండా అది దొరికిన గుంట నీళ్లే పోయండి.
• ముందుకాళ్లు రాగానే నీళ్లు తగ్గించి, ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి పెట్టండి. ఇక అది గాలి పీల్చాలి.
• తినకపోతే బలవంతంగా మేత వేయకండి. మిగిలిన మేత నీళ్లను పాడుచేస్తుంది.
• తోక పోయాక పట్టిన చోటే వదిలిపెట్టండి.

ఆ రోజు మీ పాపనో బాబునో ఒక్క ప్రశ్న అడగండి: "జన్యువులు ఒకటే అయితే, తోక పోయి కాళ్లు ఎందుకొచ్చాయి?" జవాబు సొంత మాటల్లో చెప్తే పాఠం వచ్చినట్టే.

మీ పిల్లల సైన్స్ టీచర్