తలంబ్రాల దగ్గర తేలిపోయే కెమెరా సంగతి

ఫొటోగ్రఫీని బతుకుదెరువుగా ఎంచుకోవాలనుకునే పిల్లలు నన్ను మొదట అడిగేది, "సార్, ఏ కెమెరా కొనమంటారు?" అని. నేను తిరిగి అడిగేది, "దేనికి బాబూ?" అని. పెళ్లిళ్లు తీయడానికా, స్టూడియోలో పనికా, ఆన్‌లైన్‌లో అమ్మే చీరల ఫొటోలకా, యూట్యూబ్ వీడియోలకా? చాలా ఇళ్లలో ఇది చీటీ పాడి కొనిచ్చే వస్తువు. అందుకే దాని బలాలూ లోట్లూ కొనకముందే తెలుసుకోవాలి.

ఒక కెమెరానే ఎదురుగా పెట్టుకుని మాట్లాడుకుందాం. 2018లో వచ్చిన కెనాన్ ఈవోఎస్ 1500డీ. కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసమే తయారైన డీఎస్‌ఎల్‌ఆర్.

దీని అసలు బలం సెన్సర్. ఏపీఎస్-సీ సైజు, 24.1 మెగాపిక్సెళ్లు. ఫొటో వెడల్పు 6,000 పిక్సెళ్లు, ఎత్తు 4,000. 12×18 అంగుళాల ఆల్బం పేజీ నిండా ప్రింటు వేసినా వివరాలు చెదరవు. ఫోన్ తెరమీద మెరిసిపోయిన ఫొటోను అదే సైజులో వేయిస్తే జుట్టు పాయలు రంగు పూసినట్టు అతుక్కుపోవడం చాలాసార్లు చూశాను. పైగా ఇందులో రా ఫైళ్లు, అంటే సెన్సర్ పట్టిన వివరాలను కుదించకుండా ఉంచే ఫైళ్లు, వస్తాయి కాబట్టి ఎడిటింగ్ కూడా మొదటి రోజు నుంచే నేర్చుకోవచ్చు.

కంటికి ఆనించుకునే వ్యూఫైండర్‌లో అద్దం చూపించే నిజమైన దృశ్యం కనిపిస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఇబ్బంది లేదు. కాకపోతే అది ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. మీరు చూడని ఆ కాస్త అంచులోంచి ఎవరిదో మోచెయ్యో, ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ చెయ్యో ఫొటోలోకి వచ్చేస్తుంది. షటర్ నొక్కేముందు అంచులు గమనించడం ఇక్కడే అలవాటవ్వాలి.

ఇక లోట్లు. ఇవి తలంబ్రాల దగ్గర బయటపడతాయి. కెమెరాతో వచ్చే 18-55 కిట్ లెన్స్‌ను చివరిదాకా జూమ్ చేస్తే అపెర్చర్, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 5.6 కంటే పెద్దది కాదు (ఎఫ్ అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది). ఓ మోస్తరు వెలుతురున్న ఫంక్షన్ హాల్లో, ఫ్లాష్ లేకుండా, ఐఎస్ఓను (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయిని) 3200కి పెంచినా షటర్ వేగం సుమారు 1/125 సెకను దగ్గరే ఆగిపోతుంది. వధూవరులు పోటాపోటీగా గుప్పిళ్లు ఎత్తి పోస్తుంటే బియ్యం గింజలు తెల్లటి గీతలైపోతాయి, చేతులు మసకబారతాయి. అప్పుడు 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ తగిలించి చూడండి. ఎఫ్ 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్ల వెలుతురు లోపలికి వస్తుంది. షటర్‌ను 1/500కి పెంచి, ఐఎస్ఓను 1600కి తగ్గించినా ఫొటో నిలుస్తుంది, గింజ గింజా కనిపిస్తుంది. నా సలహా కూడా ఇదే: కొత్త కెమెరా బాడీ కోసం ఉన్న డబ్బంతా ఊడ్చిపెట్టకండి. బాడీ సెకండ్ హ్యాండ్‌లో తీసుకుని, మిగిలింది ఈ చిన్న లెన్స్ మీద పెట్టండి. అయితే కిట్ లెన్స్‌ను అమ్మేయొద్దు. ఈ సెన్సర్ మీద 50 ఎంఎం లెన్స్ 80 ఎంఎంలా చూస్తుంది. ఇరుకు గదిలో పెళ్లికూతుర్ని చేసేటప్పుడు గోడకు వీపు ఆనించినా నలుగురు ముత్తయిదువులు ఫ్రేములో పట్టరు. అక్కడ 18 ఎంఎం వైపే దిక్కు.

ఫోకస్ పాయింట్లు తొమ్మిదే. వాటిలో చీకట్లో నమ్మదగింది నడిమి పాయింటు ఒక్కటే. దాంతో కంటిమీద ఫోకస్ చేసి, కెమెరాను పక్కకు జరిపి తీస్తాం. ఎఫ్ 1.8 దగ్గర ఆ జరపడంలో కాస్త తేడా వచ్చినా చెవి జూకా స్పష్టంగా, కన్ను మసగ్గా వస్తుంది. ఎఫ్ 2.8కి దించి, రెండు మూడు తీసి పెట్టుకోవడం మేలు. సెకనుకు మూడే ఫొటోలు కాబట్టి షటర్ నొక్కి పట్టుకుంటే మంచి క్షణం దానంతటదే దొరుకుతుందనుకోవద్దు.

స్టూడియోల్లో సాయానికి వెళ్లాలనుకునేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోవాలి. కెమెరా నెత్తిన ఫ్లాష్ బిగించే హాట్ షూలో మామూలుగా ఉండే నడిమి పిన్ను ఈ మోడల్‌లో లేదు. స్టూడియో లైట్లను వెలిగించే ట్రిగ్గర్లలో ఆ పిన్ను మీదే ఆధారపడే చవకది తగిలిస్తే లైట్లు వెలగవు. కెనాన్ కోసం చేసిన ట్రిగ్గర్ కావాలి. అది కూడా షాపులోనే బిగించి, లైటు వెలిగాకే డబ్బు ఇవ్వండి.

వీడియోయే మీ దారి అయితే దీని జోలికి వెళ్లొద్దని గట్టిగా చెబుతాను. మైకు పెట్టుకునే రంధ్రమే లేదు. తెర తిరగదు. 4కే లేదు. ఫొటోలకైనా బ్యాటరీ ఒక చార్జికి కంపెనీ లెక్కలోనే 500, కార్డు స్లాటు ఒక్కటే. అందుకని ఒంటరిగా పెళ్లి ఒప్పుకునే కెమెరా కాదిది. అనుభవమున్న ఫొటోగ్రాఫర్ పక్కన సెకండ్ కెమెరాగా వెళ్లడానికి సరిపోతుంది.

"అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల కాలంలో ఇది దండగ కాదా?" అంటారు. కంపెనీలు అటు మళ్లిన మాట నిజమే. అయితే కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ లెన్సులు రేపు మీరు కొనే ఆర్ సిరీస్ మిర్రర్‌లెస్ మీద అడాప్టర్‌తో పనిచేస్తాయి. నికాన్ డీ3500 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే అదీ మంచిదే. కంపెనీ లెక్కలో ఒక చార్జికి 1,550 ఫొటోలు ఇస్తుంది. కాకపోతే దాని బాడీలో ఫోకస్ మోటారు లేదు, మోటారున్న లెన్సులే చూసుకోవాలి. ఏ పాత లెన్సైనా ఫోన్ టార్చి వెలుగు లోపలికి వేసి చూడండి. సాలెగూడు లాంటి తెల్లటి పోగులు కనిపిస్తే అది ఫంగస్. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఈ బెడద ఎక్కువ.

పద్ధతిగా చదువుకోవాలంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫొటోగ్రఫీలో బీఎఫ్‌ఏ డిగ్రీ ఉంది. ప్రవేశ పరీక్ష రాయాలి. అంత వీలు లేనివాళ్లు ఆషాఢం, మూఢాలు వచ్చి పెళ్లిళ్లు ఆగినప్పుడు ఊళ్లో చీరల కొట్టుకో, మిఠాయి దుకాణానికో వస్తువుల ఫొటోలు తీసిపెట్టండి. కిటికీ వెలుతురు, ఒక తెల్ల థర్మకోల్ షీటు చాలు.

స్టూడియోకి పనికోసం వెళ్లేటప్పుడు రెండొందలు వద్దు, ఇరవై ఫొటోలు పట్టుకెళ్లండి. వాటిలో ఐదైనా ఫంక్షన్ హాలు వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీసినవి ఉండాలి. పని తెలిసిన యజమాని వాటినే ముందు తెరిచి, పెద్దవి చేసి, పెళ్లికూతురి కళ్లమీద ఫోకస్ ఉందో లేదో చూస్తాడు.