పెద్ద కెమెరానా, జేబు కెమెరానా?

బస్తర్‌కు బదిలీ మీద వచ్చిన ఇళ్లలో మొదటి ఏడాదే ఒక మాట వినిపిస్తుంది: "ఇక్కడ ఉన్నన్నాళ్లూ ఫోటోలు తీసుకోవాలి, మంచి కెమెరా ఒకటి కొందాం." న్యాయమైన కోరికే. మూడు నాలుగేళ్లకోసారి సామాను కట్టుకునే వాళ్లం మనం. జగదల్‌పూర్‌లో, దంతెవాడలో, కిరండూల్‌లో చూసిన జలపాతాన్నీ సంతనూ లారీలో ఎక్కించలేం కదా, ఫోటోలే వెంట వస్తాయి. తీరా దుకాణానికి వెళ్లాక సందేహం మొదలవుతుంది. మెడలో వేసుకునే పెద్ద డి.ఎస్.ఎల్.ఆర్. కొనాలా, జేబులో పట్టే చిన్న కాంపాక్ట్ కెమెరా సరిపోతుందా? దుకాణదారు ఖరీదైనదే మంచిదంటాడు. ఆయన మాట పక్కన పెట్టి, రెండు కెమెరాలనూ బస్తర్‌లో మనం నిజంగా వెళ్లే చోట్లకు తీసుకెళ్లినట్టు ఊహించుకుందాం.

ముందు లోపలి సంగతి కొంత తెలియాలి. డి.ఎస్.ఎల్.ఆర్. అంటే డిజిటల్ సింగిల్ లెన్స్ రిఫ్లెక్స్. లెన్సు గుండా వచ్చిన వెలుగు లోపల ఏటవాలుగా ఉన్న అద్దం మీద పడి, పైనున్న గాజు పట్టకంలో తిరిగి మన కంటికి చేరుతుంది. మీట నొక్కగానే అద్దం పైకి లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుగు సెన్సార్ మీద పడుతుంది. కాంపాక్ట్‌లో ఈ అద్దం లేదు. సెన్సార్ చూస్తున్నదే వెనక తెర మీద కనిపిస్తుంది. అద్దం తీసేసినా లెన్సులు మార్చుకునే వీలు ఉంచిన కెమెరాలను మిర్రర్‌లెస్ అంటారు. కొత్తగా వస్తున్న పెద్ద కెమెరాల్లో ఎక్కువ భాగం ఇవే. పెద్ద కెమెరా గురించి ఇక్కడ చెప్పేది దాదాపు అంతా వాటికీ సరిపోతుంది.

అసలు తేడా సెన్సార్ కొలతలో ఉంది. మీ లెక్కల గ్రాఫ్ కాగితం తీయండి. మామూలు కాంపాక్ట్ సెన్సార్ సుమారు 6.2 మి.మీ. పొడవు, 4.6 మి.మీ. వెడల్పు ఉంటుంది. వైశాల్యం 28 చదరపు మి.మీ.కు కాస్త అటూ ఇటూ. ఎక్కువమంది కొనే డి.ఎస్.ఎల్.ఆర్.లో సెన్సార్ దాదాపు 23.5 మి.మీ., 15.6 మి.మీ. వైశాల్యం 366 చదరపు మి.మీ. పైమాటే. రెండూ గీసి పక్కపక్కన చూడండి, పదమూడు రెట్ల తేడా కనిపిస్తుంది. వాన కురుస్తున్నప్పుడు వాకిట్లో ఒక గ్లాసు, ఒక గంగాళం పెట్టామనుకోండి. ఒకే వాన, ఒకే సమయం, కానీ గంగాళంలో పడే నీళ్లు ఎక్కువ. వెలుగు విషయంలోనూ అంతే. జడివానలో గ్లాసు కూడా ఇట్టే నిండుతుంది, తుంపర పడుతున్నప్పుడే గంగాళం విలువ తెలుస్తుంది. అంటే మిట్టమధ్యాహ్నం ఎండలో రెండు కెమెరాల మధ్య తేడా తక్కువ, చీకటి పడేకొద్దీ ఎక్కువ.

మెగాపిక్సెళ్ల అంకె చూసి మోసపోకండి. ఒకే రొట్టెను 12 ముక్కలు చేసినా 20 ముక్కలు చేసినా రొట్టె పెద్దదవదు.

ఇక బయల్దేరుదాం. మొదట కుటుంసర్ గుహ. 1982లో ఏర్పడిన కాంగేర్ లోయ జాతీయ ఉద్యానవనంలో ఉంది ఇది. విశాఖపట్నం నుంచి కిరండూల్ రైల్లో వచ్చేవాళ్లు దారిలో బొర్రా గుహల స్టేషన్ దాటే వస్తారు. కుటుంసర్ కూడా అలాంటి సున్నపురాతి గుహే, కాకపోతే దారి ఇరుకు, చీకటి చిక్కన. వానాకాలంలో నీళ్లు చేరతాయి కాబట్టి మూసేస్తారు. లోపల చిన్న కెమెరా ఫ్లాష్ వెలిగించి, దూరంగా వేలాడే రాతి ధారలను తీయాలని చూస్తే నల్లటి బొమ్మ వస్తుంది. కారణం మన భౌతికశాస్త్రం పుస్తకంలోనే ఉంది. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతవుతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతు. రెండు మీటర్ల దూరంలోని స్నేహితుడి ముఖం తెల్లగా వెలిగిపోతుంది, ఆరు మీటర్ల అవతలి గోడ చీకట్లోనే ఉండిపోతుంది. పెద్ద కెమెరా మీదుండే చిన్న ఫ్లాష్‌కూ ఇదే గతి. ఫ్లాష్ ఆపేసి, ఐ.ఎస్.ఓ. పెంచి, గైడు చేతి దీపం వెలుగులోనే తీసినప్పుడు మాత్రం పెద్ద సెన్సార్ గెలుస్తుంది. ఐ.ఎస్.ఓ. 1600 దగ్గర చిన్న కెమెరా బొమ్మ నిండా ఇసుక చల్లినట్టు చుక్కలు వస్తే, పెద్దదాంట్లో రాతి మీది చారలు కూడా కనిపిస్తాయి. ఈ గుహ నీళ్లలో చీకటికి అలవాటుపడి చూపు పోయిన చేపలున్నాయి. వాటి మీద ఫ్లాష్‌లు కొట్టడం మాత్రం ఏ కెమెరాతోనూ వద్దు.

చిత్రకోట్ జలపాతం దగ్గర కథ వేరు. జగదల్‌పూర్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు. ఇంద్రావతి సుమారు 30 మీటర్ల ఎత్తు నుంచి గుర్రపు నాడా ఆకారంలో దూకుతుంది. ఆకాశం తెరిపిగా ఉంటుంది, వెలుగుకు కొదవ లేదు. ఇక్కడ జేబు కెమెరా తీసిన బొమ్మనూ పెద్ద కెమెరా తీసిన బొమ్మనూ పోస్టుకార్డు సైజులో అచ్చువేసి పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. నీళ్లు పాలనురగలా సాగినట్టు రావాలంటే షట్టర్ అర సెకను తెరిచి ఉంచాలి, కెమెరా కదలకుండా ట్రైపాడ్ కావాలి. ఆ సర్దుబాట్లు పెద్దదాంట్లో సులువు. కానీ తుంపర్లు లెన్సు మీద పడుతుంటే గుడ్డతో తుడుచుకుంటూ నిలబడాల్సింది కూడా పెద్ద కెమెరా వాళ్లే.

చాలామంది నిరాశపడేది అడవిలో. ఛత్తీస్‌గఢ్ రాష్ట్ర పక్షి కొండ గోరింక. నల్లటి మెరుపు, పసుపుపచ్చ ముక్కు, మనిషిలా మాట్లాడగలదని పేరు. డి.ఎస్.ఎల్.ఆర్. ఉంటే చాలు గోరింక దొరికినట్టేనని అనుకుంటాం. కెమెరాతో పాటు పెట్టెలో వచ్చే లెన్సు సాధారణంగా 18 నుంచి 55 మి.మీ. దాంతో తీస్తే సాలవృక్షం కొమ్మ మీద ఒక నల్ల చుక్క పడుతుంది, అంతే! పక్షికి కనీసం 300 మి.మీ. లెన్సు కావాలి. అది వేరే ఖర్చు, ఒక్కోసారి కెమెరా ధరనే మించిపోతుంది. ఎక్కువ జూమ్ ఉన్న కాంపాక్ట్ అంత దూరాన్నీ దగ్గరికి లాగుతుంది కానీ, చెట్ల నీడలో చేయి వణికిన బొమ్మలే ఎక్కువ వస్తాయి. అంత పొడవు లెన్సు చేత్తో పట్టుకుని తీయాలంటే షట్టర్ సెకనులో 500వ వంతు అయినా ఉండాలి, నీడలో అంత వెలుగు చిన్న సెన్సార్‌కు అందదు. కాబట్టి పక్షుల పిచ్చి నిజంగా ఉన్నవాళ్లకే పెద్ద కెమెరా, అదీ పొడవాటి లెన్సుతో కలిపి లెక్కేసుకున్నాకే.

దసరాకు జగదల్‌పూర్ వీధుల్లోకి వద్దాం. 75 రోజుల పండుగ, దంతేశ్వరి అమ్మవారి పేరిట కొయ్య రథం, దాన్ని లాగే వందల చేతులు. చీకటి, కదలిక రెండూ ఉన్నాయి కనుక కాగితం మీద చూస్తే పెద్ద కెమెరాకే మార్కులు. కానీ ఆ జనంలో మెడలో బరువు వేలాడేసుకుని, చెల్లి చేయి పట్టుకుని, లెన్సు ఎవరికీ తగలకుండా కాపాడుకోవడం ఎంత పనో ఒక్కసారి ఆలోచించండి. జేబులోంచి తీసి, నొక్కి, మళ్లీ జేబులో వేసుకోగలిగిన కెమెరా తీసిన కాస్త మసక బొమ్మ, సంచిలోంచి బయటికే రాని కెమెరా తీయని బొమ్మకన్నా మేలు కాదా?

అన్నిటికన్నా కష్టమైన చోటు వారపు సంత. అక్కడ సమస్య వెలుగు కాదు, మనుషులు. ఇప్పపూలు, చింతపండు, ఎర్రచీమల చట్నీ అమ్ముకునే అవ్వ ముందు పెద్ద లెన్సు ఎత్తితే ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంటుంది. చిన్న కెమెరాకు ఆమె బెదరదు. కానీ చిన్నదాంతో దొంగచాటుగా తీయడం కూడా సులువే, అది ఇంకా తప్పు. హల్బీలోనో హిందీలోనో ముందు అడగాలి.

ఈ మాట ఊరికే చెప్పడం లేదు. నారాయణ్‌పూర్ దగ్గర గఢ్ బెంగాల్ అనే ఊళ్లో చెంద్రు అనే మురియా పిల్లవాడు ఉండేవాడు. స్వీడన్ దర్శకుడు ఆర్నే సక్స్‌డార్ఫ్ ఇక్కడికి వచ్చి తీసిన సినిమా 1957లో విడుదలైంది, సంగీతం పండిట్ రవిశంకర్. ఆ దర్శకుడి భార్య ఆస్ట్రిడ్ చెంద్రును పులితో కలిపి ఫోటోలు తీసి పుస్తకం వేసింది. ఎక్కడెక్కడి పిల్లలో ఆ పులి పిల్లవాడిని చూసి మురిసిపోయారు. చెంద్రు స్వీడన్ వెళ్లి వచ్చాడు, మళ్లీ తన ఊరికే చేరి పేదరికంలోనే బతికి, 2013లో కన్నుమూశాడు. బస్తర్‌కు వచ్చి ఎంత గొప్ప బొమ్మ తీసుకెళ్లినా, బొమ్మలోని మనిషి చేతికి తిరిగి ఏం వచ్చిందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

మనం చేయగలిగినది చిన్నదే కానీ ఉంది. సంత ప్రతి వారం అదే రోజున అదే చోట జరుగుతుంది. ఈ వారం తీసిన బొమ్మను అచ్చువేయించి పైవారం ఆ అవ్వకే ఇవ్వవచ్చు. దీనికి ఎంత కెమెరా కావాలి? 6 అంగుళాలు, 4 అంగుళాల ఫోటోకు అంగుళానికి 300 చుక్కల చొప్పున లెక్కవేయండి: 1800 ఇంటు 1200, అంటే 21,60,000 చుక్కలు. రెండు మెగాపిక్సెళ్లకు కొంచెం ఎక్కువ. పదేళ్ల నాటి పాత కాంపాక్ట్ కూడా దీన్ని హాయిగా తీస్తుంది. అమ్మ ఫోను కూడా.

మా అభిప్రాయం అడిగితే, ఇంట్లో మొదటి కెమెరాగా జేబులో పట్టేదే కొనండి. మంచి ఫోను ఉంటే అదీ వద్దు, ఏడాది ఆగండి. ఎఫ్ నంబరు, షట్టర్, ఐ.ఎస్.ఓ. ఈ మూడింటినీ ఆటో వదిలేసి మార్చుకోవాలని చేతులు దురద పెడుతున్నవాళ్లకు డి.ఎస్.ఎల్.ఆర్. తగును. అది కూడా లెన్సు, సంచి, ట్రైపాడ్, అదనపు బ్యాటరీ అన్నీ కలిపి లెక్క కట్టాకే. ఇంకో ఖర్చు ఎవరూ చెప్పరు. బస్తర్ వానల్లో నెలల తరబడి బీరువాలో మూసిపెట్టిన లెన్సు లోపల బూజు సాలెగూడులా పాకుతుంది. గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో ఉంచాలి, వారానికోసారైనా బయటికి తీసి వాడాలి. వేసవి ఎర్రదుమ్ములో బస్టాండులో నిలబడి లెన్సు మార్చకూడదు, దుమ్ము నేరుగా సెన్సార్ మీద కూర్చుంటుంది. ఇక గనుల్లో, క్యాంపుల దగ్గర, రైలు వంతెనల దగ్గర ఏ కెమెరా అయినా నాన్నగారిని అడగకుండా బయటికి తీయవద్దు.

కొనేటప్పుడు దుకాణం గుమ్మంలో కాదు, లోపలి చీకటి మూలలో నాలుగు బొమ్మలు తీసి, తెర మీద పెద్దవి చేసి చూడండి. బిల్లు, వారంటీ కార్డు బదిలీ కాగితాల ఫైల్లోనే పెట్టించండి. తర్వాతి ఊళ్లో సర్వీస్ సెంటరు వాళ్లు మొదట అడిగేవి అవే.