ఫోన్ లాక్కుంటే అబ్బాయి దారికొస్తాడా?

సమస్య: మా అబ్బాయి హైదరాబాద్‌లో బీటెక్ రెండో సంవత్సరం. హాస్టల్లో ఉన్నప్పుడు రోజూ వీడియో కాల్ చేసి ఎంతో బాగా మాట్లాడతాడు. సెలవులకు ఇంటికొస్తే మాత్రం తెల్లవారుజాము దాకా ఫోనే లోకం. మధ్యాహ్నం లేస్తాడు, పలకరిస్తే విసుక్కుంటాడు. మొన్న రెండు సబ్జెక్టులు పోయాయి. ఫోన్ లాక్కోవాలని మావారు, వద్దని నేను. ఇంట్లో రోజూ గొడవే. ఏం చేయమంటారు?
- ఒక తల్లి, ఖమ్మం

సలహా: దూరాన ఉంటే ఆప్యాయత, ఇంట్లో ఉంటే ఎడం... ఇది మీ ఇంటికే పరిమితం కాదమ్మా. చదువుకూ ఉద్యోగానికీ కాకుండా వారానికి 25 గంటలకు పైగా నెట్‌లో గడుపుతూ, దానివల్ల ఇబ్బందులు పడుతున్న 27 మంది అమెరికా విద్యార్థులను అడిగి రాసిన అధ్యయనం 2015లో వచ్చింది. దూరంగా ఉన్నప్పుడు నెట్ తమను ఇంటివాళ్లతో కలిపిందని, అందరూ ఒకచోట చేరాక అదే గొడవలు పెట్టిందని వాళ్లలో ఎక్కువమంది చెప్పారు. తమ ఇంట్లో మిగతావాళ్లూ నెట్ అతిగానే వాడుతున్నారన్న మాటా వినిపించింది. అది చిన్న అధ్యయనం, మన ఇళ్లలో చేసిందీ కాదు. అయినా ఒక్క విషయం ఆలోచింపజేస్తుంది: నియమం పెడితే ఇంటిల్లిపాదికీ పెట్టాలి. కొడుకు ఒక్కడికే పెడితే అది శిక్షలా తోస్తుంది.

మీవారి ఆందోళనలో న్యాయముంది. నిద్ర, చదువు రెండూ దెబ్బతిన్నాయి కదా! కానీ క్లాసుల సమాచారం, పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజు చెల్లింపు అన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి. పైగా హాస్టల్‌కు వెళ్లాక లాక్కునేదెవరు? తనను తాను అదుపు చేసుకోవడం అబ్బాయికి రావాలి. అలాగని అతనికి ‘ఫోన్ పిచ్చి’ అని ముద్ర వేయకండి. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో వీడియో గేముల రుగ్మత ఉంది. దానికి కూడా గంటల లెక్క పెట్టలేదు. అదుపు తప్పిందా, మిగతా పనులన్నీ వెనకబడ్డాయా, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోతున్నాడా అన్నవే చూస్తారు, అదీ సాధారణంగా 12 నెలల పాటు. సబ్జెక్టులు పోయిన దిగులుతోనే ఫోన్‌లో తలదాచుకుంటున్నాడేమో కూడా. ముందు ఆ సంగతి అడగండి, తీర్పు చెప్పకుండా వినండి.

‘మేం ఆఫీసు పని చూసుకుంటాం, వాడు రీల్స్ చూస్తాడు, రెండూ ఒకటేనా?’ అని మీకు అనిపించవచ్చు. ఒకటి కావు. కానీ అన్నం తింటూ తండ్రి ఫోన్ చూస్తుంటే, అది ఆఫీసు పనైనా సరే, అబ్బాయికి తనతో మాట్లాడే తీరిక లేదనే అర్థమవుతుంది. అందుకే భోజనాల వేళ ఎవరి చేతిలోనూ ఫోన్ ఉండకూడదు. రాత్రి ఒక వేళ అనుకుని అందరి ఫోన్లూ హాల్లో ఛార్జింగ్ పెట్టండి. ఆ వేళ ఏదో అబ్బాయినే చెప్పనివ్వండి. పోయిన సబ్జెక్టులు ఎలా గట్టెక్కాలో కూడా అతనే ప్రణాళిక వేసుకోవాలి.

ఇంత చేసినా నిద్ర, తిండి గాడిన పడకపోతే, డబ్బు పెట్టే ఆటలు, అప్పుల యాప్‌ల జాడ కనిపిస్తే, లేదా మనిషి బాగా ముభావంగా మారితే ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుణ్ణి కలవండి. ప్రభుత్వ ఉచిత సేవ టెలి మానస్‌కు 14416 నంబరులో ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. అన్నిటికంటే ముందు మీరూ మీవారూ ఒక మాట మీదికి రండి. తల్లిదండ్రులు చెరో మాట చెబుతుంటే ఏ నియమమూ నిలవదు.