పాత బావిలో దిగే ముందు

మన జఫర్‌గఢ్ వైపు పూడిక తీయడానికి పాత బావుల్లో దిగుతుంటారు. ఒకరు పడిపోతే, కాపాడబోయినవారూ పడిపోవచ్చు. కారణం కంటికి కనబడని వాయువులు. పిల్లలు బడిలో నేర్చే పరీక్షలు మనమూ తెలుసుకుందాం.

1. ఆక్సిజన్: నిప్పు కణిక ఉన్న పుల్ల భగ్గున మండుతుంది.

2. హైడ్రోజన్: మండే పుల్ల దగ్గరికి తెస్తే 'టప్'మంటుంది.

3. కార్బన్ డై ఆక్సైడ్: తేట సున్నపునీరు పాలలా మారుతుంది, మంట ఆరిపోతుంది. గాలికంటే బరువు కనుక బావి అడుగున చేరుతుంది.

4. హైడ్రోజన్ సల్ఫైడ్: కుళ్లిన గుడ్డు వాసన. మోతాదు పెరిగితే ముక్కుకు ఆ వాసనే తెలియదు.

పెద్దలు లాంతరు దించి చూసేవారు. ఆరిపోతే ప్రమాదమే. వెలుగుతున్నా క్షేమమని కాదు. విషవాయువులోనూ దీపం వెలుగుతుంది, మీథేన్ ఉంటే భగ్గుమంటుంది. కనుక దీపాన్ని నమ్మి దిగకండి. ఎవరైనా పడిపోతే వెంటనే 101కి, 108కి ఫోన్ చేయండి.