గడ్డి కింది బురదలో కర్బనం

యానాం పట్టణంలోని కనకాలపేట ప్రాంతానికి గౌతమీ గోదావరి చేరువనే ఉన్నది. దిగువన నది బంగాళాఖాతంలో కలిసేంతవరకు నేల ఆటుపోట్లకు లోబడినది. పొరుగున 1978లో ఏర్పడిన కోరింగ అభయారణ్యంలో మడచెట్లతోపాటు, పోటునీరు పారే పాయల అంచున దబ్బగడ్డి గుబురుగా పెరుగుతుంది. చూపరుల దృష్టి చెట్టుపైనే నిలుస్తుంది. కర్బన నిల్వలో అధిక భాగం మాత్రం వాటి కింది బురదలో ఉంటుంది.

మొక్క గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి ఆకుగా, వేరుగా మార్చుకొంటుంది. మెట్టనేలలో ఎండిన వేరును సూక్ష్మజీవులు ప్రాణవాయువు సాయంతో త్వరగా కుళ్లింపజేయగా, ఆ కర్బనం తిరిగి గాలిలో కలుస్తుంది. నీరు నిలిచిన నేల తీరు వేరు. గాలిలో కంటె నీటిలో ప్రాణవాయువు సుమారు పదివేల రెట్లు నెమ్మదిగా వ్యాపిస్తుంది. అందుచేత వేరు సగం కుళ్లి ఆగిపోతుంది. దానిపై నది తెచ్చిన ఒండ్రు పేరుకొంటుంది. మడబురద తొక్కినపుడు వచ్చే కుళ్లిన గుడ్ల వాసన ప్రాణవాయువు లేమికి గుర్తు. సముద్రజలంలోని సల్ఫేటుతో బ్రతికే సూక్ష్మజీవులు ఆ వాసనను పుట్టిస్తూనే, మీథేను పుట్టించే జీవులను అణచివేస్తాయి. మంచినీటి చిత్తడిలో ఈ అడ్డు స్వల్పం కనుక అక్కడ మీథేను ఎక్కువ. ప్రతి చిత్తడి ఒకే విధంగా మేలు చేస్తుందనడం సరికాదు.

రొయ్యల చెరువుకై గట్టు వేస్తే పోటునీరు ఆగుతుంది. తవ్విపోసిన బురదకు గాలి తగిలి, శతాబ్దాల నిల్వ కొద్ది ఏళ్లలోనే కరగనారంభిస్తుంది. గోదావరి మడ అడవులలో దెబ్బతిన్న చోట్ల ముందుగా చేపముల్లు ఆకారంలో కాల్వలు తవ్వి పోటునీటిని రప్పించారు. ఆ తరువాతనే మొక్కలు నాటారు. ఆ వరుస గమనింపదగినది.

నగరాలకు వలస వచ్చిన తెలుగువారికీ ఇటువంటి నేల ఎదురవుతుంది. చెన్నైలోని పళ్లికరణై గడ్డి, రెల్లు పెరిగే చిత్తడి. 2022లో రామ్‌సర్ జాబితాలో చేరేనాటికే అందులో చాలా భాగం కట్టడాలకూ చెత్తకుప్పలకూ పోయింది. రెవెన్యూ లెక్కలలో ఇటువంటి నేలలు తరచు పోరంబోకుగానో బంజరుగానో నమోదయ్యాయి. పోరంబోకు అన్న మాట తెలుగులోనూ తమిళంలోనూ తిట్టుగా మారడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. ఇంటిస్థలం కొనేవారు దస్తావేజులతోపాటు పాత సర్వే పటాన్ని కూడ అడిగి, ఆ నేల అందులో చెరువుగా ఉన్నదా, వాగుగా ఉన్నదా, చిత్తడిగా ఉన్నదా అని సరిచూసుకొనవలెను.